గంగాలమ్మ దాకలో నూనె

ఎల్లారావు నూనె సీసాకి నల్ల స్కెచ్‌పెన్నుతో గీతలు పెట్టాడు. సోమవారానికి ఒకటి, మంగళవారానికి ఒకటి, అలా ఆదివారం వరకూ ఏడు గీతలు. ముప్ఫయ్యేళ్లుగా చేపల బోట్ల ఇంజన్లు బాగుచేస్తున్న మనిషి అతను. ఏ బోటు ఎంత దూరం పోతే ఎంత డీజిలు తాగుతుందో ట్యాంకు మీద గీత పెట్టి మరీ చెప్తాడు. హార్బర్లో ఆ గీతకు తిరుగులేదు. ఆ విద్యను ఇప్పుడు వంటింట్లోకి తెచ్చాడు.

గంగాలమ్మ సీసా చేతిలోకి తీసుకుని గీతకూ గీతకూ మధ్య చిటికెన వేలు అడ్డంగా పెట్టి చూసింది. పట్టలేదు. ఆ నూనెతో ఒక్క ఉల్లిపాయ కూడా సరిగా వేగదు. మట్టి దాక పొయ్యి మీద పెట్టి, వేడెక్కనిచ్చి, బుధవారం వరకూ రావలసిన నూనె ఒక్కసారే వంపేసింది.

సాయంత్రం అతను వచ్చి ముందు సీసా చూశాడు, తర్వాత దాక మూత తీశాడు. పులుసు మీద వేలెడు మందాన ఎర్రటి నూనె తేలి, అందులో అతని మొహం కనబడింది.

ఇంజన్లో పోసినట్టు పోసేశావేంటని అతను మొదలుపెట్టాడు. రక్తంలో కొవ్వు గురించి చెప్పాడు, గొట్టాలు పూడుకుపోవడం గురించి చెప్పాడు, ఫిల్టరు మూసుకుపోతే ఎంత మంచి ఇంజనైనా నడిసముద్రంలో ఆగిపోతుందని చెప్పాడు. గంగాలమ్మ అన్నం పెట్టింది. అతను మాట్లాడుతూనే తిన్నాడు. రెండోసారి పులుసు పోయించుకుని మరీ మాట్లాడాడు. నోటి చివర ఎర్రటి నూనె, ఆ నోట్లోంచే నూనె మీద ప్రసంగం. ఆమెకు ఆ నోరు చూడబుద్ధి కాలేదు.

ఇదంతా హార్బర్లో పెట్టిన వైద్యశిబిరంతో మొదలైంది. ఎల్లారావు సూది గుచ్చించుకున్నాడు. వారం తర్వాత కాగితం వచ్చింది. డాక్టరమ్మ చదివి, నూనె, ఉప్పు తగ్గించు, రోజూ బీచిలో నడువు, మూడు నెలలాగి మళ్లీ రా అని చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ కాగితం చూసినరోజు గంగాలమ్మకూ గుండె జారింది. ఉప్పు సగానికి తగ్గించింది. అప్పడాలు మానేసింది. పొద్దున్నే లేపి నడకకు తోలింది. నూనె ఒక్కటే ఆమె చేత కాలేదు.

డాక్టరమ్మ చెప్పింది నాలుగు మాటలైతే అప్పలరాజు చెప్పింది నాలుగు వందలు. అప్పలరాజు ఒకప్పుడు మంచి సరంగు, బోటు నడపడంలో అతనికి పేరు. ఇప్పుడు కొడుకుకు బోటు అప్పగించి, పెదజాలరిపేట టీ బడ్డీ దగ్గర కుర్చీ వేసుక్కూర్చుంటాడు. రెండేళ్ల కిందట గుండెలో స్టెంటు వేయించుకున్న దగ్గరనుంచి అతని దగ్గర ఒకటే కబురు, నూనె. తెల్ల కోటు వేసుకున్న ఒక మనిషి చుక్క నూనె లేకుండా గుత్తివంకాయ చేసే వీడియోలు అతని ఫోను నిండా ఉంటాయి. వాటిని ఎల్లారావు ఫోనుకు పంపేవాడు. ఎల్లారావు మంచం మీద పడుకుని, సౌండు పెంచి చూసేవాడు. నీళ్లలో ఉడికిన వంకాయలు తెరమీద తడిసిన తోలుముక్కల్లా ముడుచుకుని కనబడేవి. గంగాలమ్మకు వాటిని చూస్తే అన్నం దగ్గర కూర్చోవాలనిపించేది కాదు. వండడం ఎరగని చేతులు, గిన్నె పట్టుకోవడంలోనే తెలిసిపోతోంది, అనుకునేది. మాటలు మాత్రం కుప్పలు.

రుచి కోసమే పెళ్లాం నూనె పోస్తోందని ఎల్లారావు అనుకున్నాడు. పేటలో అందరూ అదే అనుకున్నారు. అసలు సంగతి ఒక్క గంగాలమ్మకే తెలుసు. నలభయ్యెనిమిదేళ్ల ఆ మనిషి, చేపల గంపతో పాతికేళ్లుగా వీధులు తిరిగిన మనిషి, పుట్టింటివాళ్లు గంగమ్మతల్లి పేరు పెట్టుకున్న మనిషి చేప వాసన భరించలేదు.

ఆమె పుట్టింది పరవాడ అవతల సముద్రపొడ్డున. పదమూడో ఏట తల్లి రొయ్యల షెడ్డులో పనికి పెట్టింది. ఐసు నీళ్ల తొట్టె ముందు నిలబడి, రొయ్య తల తుంచి పక్కన పారేయడం పని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే. తుంచిన తలలు కాళ్ల చుట్టూ కుప్పపడి, మధ్యాహ్నానికి మెత్తబడి, జారుడు పట్టేవి. కాలివేళ్ల మధ్యకు ఆ రసం ఎక్కేది. ఇంటికొచ్చి సబ్బుతో, బూడిదతో, నిమ్మడిప్పతో రుద్దినా వేళ్లనుంచి నీసు పోయేది కాదు. అన్నం కలుపుకుని ముద్ద నోటి దగ్గరికి తెస్తే ముందు వేళ్ల కంపు ముక్కుకు తగిలేది. ఒకరోజు చెంచాతో అన్నం తింటుంటే, దొరసానివి అయిపోయావా అని తల్లి ఆ చెంచా లాక్కుని పెరట్లోకి విసిరేసింది. అప్పటినుంచి ఆ పిల్ల ఊపిరి బిగబట్టి మింగడం నేర్చుకుంది.

పెళ్లిచూపులకు వచ్చిన ఎల్లారావును ఆమె ఒప్పుకున్నది మొహం చూసి కాదు. మంచినీళ్ల గ్లాసు అందుకున్నప్పుడు అతని చేతినుంచి డీజిలు వాసన వచ్చింది. వేటకు వెళ్లే మనిషి కాదు, ఇంజను మేస్త్రీ. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు. ఆ వాసన పీల్చగానే ఆమెకు ముక్కు తెరిపినపడినట్టయింది. తలూపేసింది. ఆ సంగతి అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె కాపరానికి వచ్చిన మొదటిరోజే అత్తగారు సన్యాసమ్మ ఒక కట్టడి చెప్పింది. ఈ ఇంట్లో చేపను కంపు అనకూడదు. ఎండుచేపనైనా, కుళ్లిన చేపనైనా సరే, ఆ మాట నోట రాకూడదు. పేటలో ఎవరిదైనా బోటు నీటిమీద ఉన్నప్పుడు మరీ రాకూడదు. తిండి పెట్టే గంగమ్మను మొహం మీద తిట్టినట్టవుతుంది, వల ఖాళీగా వస్తుంది. చేప బాగాలేకపోతే పక్కన పడేసి ఊరుకోవాలి తప్ప పేరు పెట్టకూడదు.

గంగాలమ్మ ఆ మాట నోట రానివ్వలేదు. దానికి బదులు ఉపవాసాలు పట్టింది. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకన్నకు. చేప తినని రోజులు వారానికి మూడు సంపాదించింది. ఎంత భక్తో అని పేటలో ఆడవాళ్లు మెచ్చుకునేవారు. మిగిలిన నాలుగు రోజులు అత్తగారు వండిన పలచటి పులుసు ముందు కూర్చుని, ఊపిరి బిగబట్టి, నమలకుండా మింగేది. సన్యాసమ్మ నూనె చుక్కలు లెక్కపెట్టి వేసేది. ఉడికిన చేప తెల్లగా, కళ్లు తేలేసి, నీళ్లలో పడుకుని ఉండేది.

ఆ రోత నుంచి బయటపడే దారి ఆమెకు పాతపోస్టాఫీసు దగ్గర దొరికింది. గంప ఎత్తిన కొత్తలో ఆ సందుల్లో అమ్మేది. కరీమున్నీసా అనే ఆవిడ వారానికి రెండుసార్లు వంజరం కొనేది. ఒకరోజు ఆవిడ పెరట్లో చేప కోసి ముక్కలు చేసి ఇస్తూ గంగాలమ్మ కత్తి ఆపేసింది. వంటింట్లోనూ చేపే ఉడుకుతోంది, కానీ నీసు లేదు. లోపలికి తొంగిచూస్తే దబరలో ఉల్లిముద్ద, అల్లంవెల్లుల్లి, ధనియాల పొడి ఎర్రగా ఒక ముద్దయి, చుట్టూ నూనె ఊరి నిలబడి ఉంది.

కరీమున్నీసా ఆమెకు ఒక పళ్లెంలో అన్నం, కూర పెట్టింది. గంగాలమ్మ మొదటి ముద్ద అలవాటుగా ఊపిరి బిగబట్టి పెట్టుకుని, రెండో ముద్దకు ఊపిరి వదిలింది. పెరటి గట్టు మీద కూర్చుని, తాను కోసిన చేపను మొదటిసారి నమిలి తింది.

"మసాలా నూనె వదిలేదాకా తొందరపడకు చేపలమ్మా. నూనె పైకి వచ్చాక చేప వెయ్. అప్పుడు నీసు మాటే ఉండదు," అని ఆవిడ చెప్పింది.

అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని గంగాలమ్మ ఇరవై రెండేళ్లుగా వండుతోంది. ఎంత నూనెకు ఎంత ఉల్లి, ఎంతసేపు, ఏ మంట మీద, ఎప్పుడు మూత తీసి ఉంచాలి, అన్నీ చేత్తో తెలుసుకుంది. ఆ ఏడే అత్తగారు పోయి వంటిల్లు ఆమెదైంది. ఉపవాసాలు ఒకటొకటిగా వదిలేసింది. ఆమె పులుసు తిన్నవాళ్లు మళ్లీ అడిగేవారు.

ఇంకో చిత్రం కూడా జరిగింది. ఏ ముక్కు ఆమెను అంత బాధపెట్టిందో ఆ ముక్కే గంపకు పేరు తెచ్చింది. వేలంలో చేపల కుప్ప ముందు వంగితే చాలు, ఐసు కింద దాచిన నిన్నటి చేప ఎక్కడుందో ఆమెకు తెలిసిపోయేది. కడుపులో ఒక్కసారి తిప్పితే ఆ కుప్ప వదిలేసేది. మిగతావాళ్లు మొప్ప ఎత్తి చూస్తారు, వేలితో నొక్కి చూస్తారు. ఆమె చూడనక్కర్లేదు. గంగాలమ్మ గంపలో చెడ్డ చేప ఉండదని ఎం.వి.పి. కాలనీ అపార్టుమెంట్లలో అందరికీ నమ్మకం. ఏం కిటుకని తోటివాళ్లు అడిగితే నవ్వి ఊరుకునేది.

ఇప్పుడు ఎల్లారావు ఆమె తిండికి ఎసరు పెట్టాడు.

గీతల సీసా పని చేయకపోయేసరికి సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. పొద్దున్న చిన్న గిన్నెలో మూడు చెంచాలు కొలిచి ఇచ్చి పనికి వెళ్లేవాడు. గంగాలమ్మ అమ్మకం నుంచి వస్తూ నూనె పేకెట్టు కొని బియ్యం డబ్బాలో పాతిపెట్టేది. నాలుగు రోజులు సాగింది. అయిదోరోజు పులుసు తళతళ చూసి అతను బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాడు.

పేకెట్టు బయటికి తీసి, బియ్యం దులిపి, ఆమె ముందు పెట్టాడు.

"నాను సావాలనుందా నీకు?" అన్నాడు.

గట్టిగా అనలేదు. అందుకే ఆమెకు తగిలింది. నీ కోసం కాదు మావా, నా కోసం పోత్తన్నాను అని చెప్పడానికి నోరు తెరిచింది. చెప్తే తర్వాతి మాట చెప్పాలి. చేప కంపని చెప్పాలి. ముప్ఫయ్యేళ్లు నోట్లో తొక్కిపెట్టిన మాట. నోరు మూసేసింది.

ఆమె ఏమీ అనకపోవడం అతనికి ఇంకో అర్థంగా కనబడింది. ఈ ఆదివారం వంట తనదేనన్నాడు. అప్పలరాజును భోజనానికి పిలుస్తానన్నాడు. చుక్క నూనె లేకుండా చేపల పులుసు ఎలా ఉంటుందో పేట మొత్తానికి తెలియాలన్నాడు.

ఆదివారం అతను ఒక్కడే హార్బరుకు వెళ్లి కానాగంతలు అక్కడే శుభ్రం చేయించి తెచ్చాడు. సంచీ గుమ్మం దాటకముందే గంగాలమ్మ ముక్కుకు తెలిసిపోయింది. నిన్నటివి కూడా కాదు, మొన్నటివి. ఐసులో పెట్టి నిలబెట్టారు. కానాగంత అసలే నీసు ఎక్కువ ఉండే చేప. తెచ్చిన మనిషికి ఇంజను శబ్దం విని ఎక్కడ తేడా ఉందో చెప్పే చెవి ఉంది కానీ చేపను పట్టే ముక్కు లేదు. పక్కన పడేద్దామంటే అప్పలరాజు అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అతని కొడుకు బోటు శుక్రవారం తెల్లవారుజామున వేటకు పోయింది, ఇంకా నీటిమీదే ఉంది. ఆమె వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

ఎల్లారావు ఫోను గోడకు ఆనించి వంట మొదలుపెట్టాడు. ఉల్లిపాయలు నీళ్లలో ఉడికించాడు. అందులో చింతపండు రసం, పసుపు, కారం. చేపలు ఎత్తి వేసి పైన మూత పెట్టాడు. మూత తీయవయ్యా, ఆవిరి పోనీ అని చెప్పాలని గంగాలమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది. ఫోనులోని మనిషి మూత తీయమని చెప్పలేదు. అరగంట మూత కింద ఆ నీసు బయటికి పోయే దారి లేక పులుసులోకే దిగింది. లోపల కుర్చీలో అప్పలరాజు నూనె వల్ల పోయినవాళ్ల పేర్లు వరసగా చెప్తున్నాడు.

మూత తీశాక వచ్చిన ఆవిరి ఇల్లంతా నిండింది. షెడ్డు గుర్తొచ్చింది ఆమెకు. కాలివేళ్ల మధ్య జారుడు గుర్తొచ్చింది. దాకలో చేపలు బూడిదరంగుగా, తోలు ఊడి, నురగ మధ్య పడుకుని ఉన్నాయి. తన దాక. ఇరవై రెండేళ్లు నూనె తాగి నున్నబడ్డ దాక. దానికి ఈ గతి పట్టించారని ఆమెకు అసహ్యం వేసింది.

ముగ్గురికీ పళ్లేలు పెట్టాడు ఎల్లారావు. ఆమె రానంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"తిను సెల్లెమ్మా. అలగ సూత్తావేటి," అన్నాడు అప్పలరాజు. "నూనె లేకపోతేనే సేప రుసి నాలిక్కి తెలుస్తాది. ఇన్నాళ్లూ నువ్వు సేపకి సొక్కా తొడిగి పెట్టేవు."

ఎల్లారావు నవ్వాడు. ఇద్దరూ ఆమె వంక చూస్తున్నారు. గంగాలమ్మ ముద్ద కలిపింది. వేళ్లకు జిగట అంటింది. పాత అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగుడు పడలేదు. ఇరవై రెండేళ్ల సుఖానికి గొంతు ఆ పాత విద్య మరిచిపోయింది. ఊపిరి వదలక తప్పలేదు. వదిలింది. లేచి పెరటి కాలవ దాకా పరిగెత్తి, గోడ పట్టుకుని మొత్తం కక్కేసింది.

ఎల్లారావు నీళ్ల చెంబు తెచ్చి వెనక నిలబడ్డాడు. ఏమైందని అడిగాడు.

"కంపు," అంది గంగాలమ్మ.

నోరు కడుక్కుని మళ్లీ చెప్పింది. "కంపు కొడతంది మావా. సేప కంపు. కుళ్లు కంపు."

పెరటి గుమ్మంలో అప్పలరాజు నిలబడి ఉన్నాడు. చేతికి అన్నం మెతుకులు అలాగే ఉన్నాయి.

"నా కొడుకు నీటి మీదున్నాడు," అన్నాడు. "నీకు తెలుసు."

తెలుసంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకుందామన్నా ఒంట్లో ఓపిక లేదు. అప్పలరాజు చెయ్యి కడుక్కున్నాడు, చెప్పులు తొడుక్కున్నాడు.

"బోటు కాళీగా వొస్తే మీ గుమ్మం కాడికే వొస్తాను బావా," అని ఎల్లారావుతో చెప్పి వెళ్లిపోయాడు.

వీధి తలుపు మూసి ఎల్లారావు పెరటి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె గోడ దగ్గరే కూర్చుంది. ఎప్పటినుంచి అని అడిగాడు. ఆమె చెప్పింది. షెడ్డు గురించి, చెంచా గురించి, ఉపవాసాల గురించి, కరీమున్నీసా పళ్లెం గురించి. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇంత చిన్న సంగతా ఇన్నాళ్లు దాచింది అని ఆమెకే అనిపించింది.

ఎల్లారావు నేల చూస్తూ కూర్చున్నాడు. మంచి ఇంజనని తిప్పిన ఇంజనులో మొదటినుంచీ ఒక బోల్టు లేదని తెలిసినప్పుడు అతను అలాగే కూర్చుంటాడు.

"ఆ శనోరాలు?" అన్నాడు.

"ఎంకన్నకి నామీద కోపముంటే నానే మొక్కుకుంటాన్లే."

"మరి నా కాడ? నా కాడేటి వాసనొచ్చీది?"

"డీజిలు," అంది గంగాలమ్మ. "అందుకే కదా సేసుకున్నాను."

అతను తన చేతులు తిప్పి చూసుకున్నాడు. నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. లేచి దాక తీసుకెళ్లి, ఉన్నదంతా దూరంగా గోతిలో పారబోసి వచ్చాడు. ఆ రాత్రి ఇద్దరూ మజ్జిగన్నం తిన్నారు.

సోమవారం మాట పేటంతా పాకింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు గంగాలమ్మ బిందె వచ్చేసరికి మాట మార్చారు. వేలంలో ఆమె పక్కన నిలబడే కాసులమ్మ రెండడుగులు దూరం జరిగింది. ఇంతకుముందు కిటుకు అడిగిన మనిషి ఈమే. ఒక ముసలాయన, చేప కంపని చేపలమ్మడమేంటని ఆమెకు వినబడేలా గాల్లోకి అన్నాడు. గంగాలమ్మ కుప్పల ముందు వంగింది, మంచి కుప్ప పాడుకుంది, గంప నెత్తిన పెట్టుకుని అపార్టుమెంట్లకు పోయింది. చేతులు వాటి పని అవి చేశాయి. కళ్లు మాత్రం ప్రతి మలుపులోనూ సముద్రం వైపు పోయాయి. తన రోత సంగతి తనది. ఆ బోటు మీద ఎనిమిదిమంది ఉన్నారు. వాళ్లేం చేశారు? వల నిజంగా ఖాళీగా వస్తే ఈ పేటలో ఆమె గంప ఎత్తలేదు. గాలివాటు తిరిగి వాళ్లకు ఇంకేమైనా అయితే, ఆ ఆలోచన ఆమె పూర్తి చేయలేదు.

మంగళవారం కూడా బోటు రాలేదు. ఎల్లారావు రెండుసార్లు బోట్లు ఆగే ధక్కా దాకా వెళ్లి వచ్చాడు. ఆ ఇంజను తాను కట్టిందేనని, దానికేం కాదని చెప్పాడు. ఆమె అడగకుండానే చెప్పాడు.

బుధవారం మధ్యాహ్నం అప్పలరాజు గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ బుట్ట ఉంది. గంగాలమ్మ లేచి నిలబడింది. అతను బుట్ట తెచ్చి ఆమె కాళ్ల దగ్గర దించాడు. నిండా కవళ్లు. వెండిలా మెరుస్తున్నాయి. సముద్రంలో నీసుకు పెట్టింది పేరు ఆ చేప.

"గంగమ్మ నీ మాట ఇన్నట్టు లేదు సెల్లెమ్మా," అన్నాడు. "వలలు సిరిగేలాగ పడ్డాయి. మోయలేక ఒక రోజు ఆలీసమైనాది."

ఆమె స్తంభం పట్టుకుని మళ్లీ కూర్చుంది. అప్పలరాజు వెళ్లబోయి ఆగాడు. ఎల్లారావు వైపు చూడకుండా, బుట్ట వైపు చూస్తూ చెప్పాడు.

"ఇవి బాగా నూనె పోసి ఒండు. ఆ ఆదోరం నాను నాలుగు ముద్దలు తిన్నాను. రెండు రోజులు కడుపు నిలవలేదు. ఈ మాట టీ బడ్డీ కాడ అనకండి."

అతను వెళ్లాక గంగాలమ్మ బుట్ట ముందు వంగింది. తాజా చేప. అయినా కవళ్లు కవళ్లే. ముక్కు చిట్లించింది. దాచుకునే పని లేక బాగా చిట్లించింది. ఎల్లారావు బుట్ట ఆమె ముందునుంచి లాక్కుని పెరట్లోకి తీసుకుపోయాడు. పెళ్లయ్యాక అతను చేప శుభ్రం చేయడం అదే మొదలు. మొదటి పది చేపలు పాడుచేశాడు, పొట్ట చీలిస్తే వీపు కూడా తెగింది. ఆమె గుమ్మంలోంచి చూసి అసహ్యించుకుంది. పదకొండోది దగ్గర అతను కత్తి మార్చాడు, తన పనిముట్ల డబ్బాలోంచి సన్న బ్లేడు తెచ్చుకున్నాడు. అక్కడినుంచి వేళ్లు సర్దుకున్నాయి. వాల్వు చుట్టూ మసి గీకినట్టు పొలుసు గీకాడు. ఈసారి ఆమె అక్కడే నిలబడి చూసింది.

బీరువా తాళంచెవి అడగకుండానే ఇచ్చాడు. ఆమె దాక పొయ్యి మీద పెట్టింది. నూనె గలగలా పోసింది. అతను ఫోను తీయలేదు, పక్కన పీట వేసుకుని చూశాడు. ఉల్లిముద్ద వేగడం, అల్లం పచ్చివాసన పోవడం, ధనియాల పొడి రంగు తిరగడం. గంగాలమ్మ గరిటె ఆపకుండా తిప్పింది, మంట తగ్గించింది, పెంచింది. ముద్ద చుట్టూ నూనె ఊరింది. అప్పుడు పులుసు పోసింది, మరిగాక చేపలు జార్చింది. మూత పెట్టలేదు.

దాక దించి కింద పెట్టాక అతను గరిటె ఇమ్మన్నాడు. ఎందుకంది. బోటు అడుగున ఇంజను కింద నీళ్లు చేరతాయి, వాటిమీద నూనె తేలుతుంది, ఆ నూనె ఒక్కటే ఎత్తాలి, నీళ్లు కదపకూడదు, అదీ తన పనే అన్నాడు. గుడ్డ మడిచి దాక ఒక పక్క అంచు కింద పెట్టాడు. దాక వంగింది. కాసేపు ఎవరూ ముట్టుకోకుండా వదిలేశాడు. నూనె అంతా పల్లం వైపు చేరింది. గరిటె అంచు నూనెకు ఆనించి, అరచెయ్యి కదలకుండా, మణికట్టు ఒక్కటే వంచాడు. నూనె దానంతట అదే గరిటెలోకి నడిచింది. పులుసు చుక్క రాలేదు. అలా ఆరుసార్లు తీసి గిన్నెలో పోశాడు.

గంగాలమ్మ గిన్నె వెలుతురుకు పట్టి చూసింది. అడుగున ఎర్రటి నూనె తప్ప ఇంకేమీ లేదు. ఈ చెయ్యి ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్లు సీసాకు గీతలు పెట్టాడు, అనుకుంది.

"అడుగుది నాది," అన్నాడు ఎల్లారావు. "పైది నీది. నువ్వు కూడా అంతా పోసుకోకు."

అతను పెరట్లోకి పోయి డీజిలు డబ్బాలో చేతులు ముంచి రుద్దుకున్నాడు, పని దిగొచ్చినప్పుడు చేసినట్టే. తర్వాత సబ్బుతో కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. డీజిలు వాసన లీలగా వచ్చింది.

అతని పళ్లెంలో నూనె తీసేసిన చేప మెరుపు పోయి, వెలిసిన గుడ్డలా పడుకుని ఉంది. అతను దాన్ని ఇష్టంగా తింటున్నాడు, చప్పరిస్తున్నాడు కూడా. గంగాలమ్మ ఒకసారి చూసింది. మొహం పక్కకు తిప్పుకుంది. గిన్నెలో నూనె సగం తన అన్నం మీద వంపుకుంది. మిగతా సగం అతని చెయ్యి అందనంత దూరంలో, తనకు ఇటుపక్క పెట్టుకుంది.